పాత కట్టడం కొని బాగు చేయించుకోవాలనుందా? తిరుపతి, చిత్తూరు జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

చంద్రగిరికీ పాకాలకూ మధ్య ఒక పల్లెలో సగం పడిపోయిన తొట్టికట్టు ఇల్లు (నడుమ పైకప్పు లేని వాకిలి ఉండే పాతకాలపు ఇల్లు) కొని విడతలవారీగా బాగు చేయిస్తున్నాను. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి పెళ్లికి వెళ్లినా, బస్సెక్కినా అవే ప్రశ్నలు. కొందరికి నిజంగానే అలాంటి కల ఉంది, కొందరు ఊరికే కుతూహలం కొద్దీ అడుగుతారు. ఇద్దరికీ పనికొస్తుందని జవాబులు ఒకచోట రాస్తున్నాను. నేను ఇంజనీరును కాను, లాయరునూ కాను. వాళ్లను పిలవాల్సిన చోట పిలవమనే చెప్పాను.

కొత్తిల్లు కట్టుకోకుండా ఎందుకీ తలనొప్పి?

ఇష్టం. దీనికి లెక్కల్లో జవాబు లేదు. మే నెల ఎండల్లో కూడా రెండడుగుల మందం గోడల మధ్య ఫ్యాన్ కింద హాయిగా పడుకోవచ్చు, నిజమే. కానీ ఆ హాయి ఒక్కటే కావాలంటే ఏసీ చవక.

ఇంకో కారణమూ ఉంది. మన వైపు గుళ్లకు భక్తులున్నారు. కోటలకు ఆర్కియాలజీ వాళ్ల బోర్డయినా ఉంది. కరణంగారి ఇల్లు, బాటసారుల మండపం, తెల్లదొరల నాటి బంగళా, దిగుడు బావి, పాత వీధిబడి, వీటికి ఎవరూ లేరు. వారసులు బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటారు. ఒక వానాకాలం మిద్దె కారుతుంది, మరుసటేడు దూలం విరుగుతుంది, ఆ పై ఏడు జేసీబీ వస్తుంది. తిరుమలలో వేయికాళ్ల మండపాన్నే 2003లో తీసేశారు, ఇక కరణంగారి ఇంటి గురించి అడిగేదెవరు?

చంద్రగిరి కోటలో ఒక భాగం దత్తత తీసుకుని మనమే బాగు చేయొచ్చా?

మనలాంటి ఒక్కరి వల్ల కాదు. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. 2023లో కొత్త రూపంలో వచ్చిన 'అడాప్ట్ ఎ హెరిటేజ్' పథకం కంపెనీల కోసం పెట్టింది. అది కూడా ఎక్కువగా సందర్శకుల వసతుల గురించే, గోడలకు గార పూయడం గురించి కాదు. డబ్బు ఇవ్వాలనుకుంటే 1996లో పెట్టిన నేషనల్ కల్చర్ ఫండ్ ఉంది.

కోట మీ సొంతం కాకపోయినా మీకు పనికొస్తుంది. ఏదైనా కొనే ముందు ఒక పూట రాజమహల్లో తీరిగ్గా గడపండి. మూడంతస్తుల కట్టడం, కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే లేపారు. 1639లో మద్రాసు స్థలాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చిన ఒప్పందం ఇక్కడే జరిగిందని చెప్పుకుంటారు. ఆ కథ విన్నాక గోడల దగ్గరికి వెళ్లండి. కమాను బరువు ఎటు దిగుతోంది, వాన నీళ్లు ఎటు పోయే ఏర్పాటుంది, ఏ మూల చెమ్మ పట్టింది అని చూడటం అలవాటైతే రేపు మీరు కొనబోయే ఇంట్లో ఏది జబ్బో, ఏది వట్టి ముసలితనమో తెలుస్తుంది.

మా ఊళ్లో సత్రం ఒకటి ఖాళీగా పడి ఉంది. కొనొచ్చా?

అమ్ముతానని ఎవరైనా ముందుకొస్తే ముందు అనుమానించండి. సత్రాలు, మండపాలు, భజన మందిరాలు చాలావరకు ఎవరో పుణ్యాత్ములు ధర్మానికి రాసిచ్చినవి. వాటికి 1987 నాటి దేవాదాయ చట్టం వర్తిస్తుంది. దేవాదాయ కమిషనర్ అనుమతి లేకుండా ధర్మకర్త అయినా, ధర్మకర్త మనవడైనా అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. దర్గా, మసీదు ఆస్తి అయితే వక్ఫ్ బోర్డు. 'మా తాత కట్టించాడు కాబట్టి మాదే' అనే మాట నిజాయితీగానే చెబుతారు, కానీ తాత దాన్ని ఎవరి పేరిట రాశాడన్నదే కోర్టు అడుగుతుంది.

కోట పక్కనే మాకు పాత ఇల్లుంది. రిపేరుకు కూడా అనుమతి కావాలా?

కావాలి. కేంద్ర రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం, అక్కడ కొత్తగా కట్టడానికి లేదు. దాని తర్వాత మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, అక్కడ అనుమతితో కట్టుకోవచ్చు. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ఇది. నిషేధిత ప్రాంతంలో 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉన్న ఇల్లయితే మరమ్మతుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ తేదీకి ముందే ఇల్లుందని చూపే పన్ను రసీదు, కరెంటు బిల్లు, పాత ఫోటో ఏదైనా సరే దాచి ఉంచుకోండి. అనుమతి లేకుండా మొదలుపెడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. చంద్రగిరిలోనూ, గుడిమల్లం గుడి పరిసరాల్లోనూ ఇల్లు చూసుకునేవాళ్లు అడ్వాన్సు ఇవ్వక ముందే టేపు పట్టుకుని కొలవడం మంచిది.

కాగితాల్లో ఏం చూడాలి?

ఈ పనిలో గోడలు కూలి ఆగిపోయినవాళ్ల కంటే కాగితాలు తేలక ఆగిపోయినవాళ్లే ఎక్కువ. కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను.

మొదటిది వారసులు. ఎనభై, వందేళ్ల ఇల్లంటే నాలుగు తరాల వాటాలు. అన్నదమ్ములు నోటిమాటతో పంచుకుని ఉంటారు, ఆడపిల్లల సంతకాలు ఎక్కడా ఉండవు. మీకు అమ్మే పెద్దాయన మంచివాడే కావచ్చు. మీరు లక్షలు పోసి మిద్దె వేయించాక అమెరికా నుంచి ఒక మేనకోడలు దిగి 'మా అమ్మ వాటా ఏది మామా?' అంటే ఆయన దగ్గర జవాబుండదు. వంశవృక్షం గీయించుకుని, అందులో ఉన్న ప్రతి ఒక్కరి సంతకం కోసం పట్టుబట్టండి. మొహమాటపడితే మునిగేది మీరే.

రెండోది స్థలం ఏ రకం అన్నది. ఊరి నివాస స్థలమైన గ్రామకంఠమా, సొంత పట్టానా, దానంగా వచ్చిన ఇనామా, ప్రభుత్వం పేదలకిచ్చిన డీకేటీనా? డీకేటీ అయితే 1977 చట్టం ప్రకారం చేతులు మారడం దగ్గరే చిక్కు. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్‌కు వీల్లేని స్థలాల జాబితాలో ఉందేమో చూసుకోండి. కార్వేటినగరం, కాళహస్తి, పుంగనూరు జమీందారీల కింద ఉన్న ఊళ్లయితే 1948లో వచ్చిన జమీందారీ రద్దు చట్టం తర్వాత ఆ స్థలం ఎవరి పేరున సెటిల్ అయిందో చూడాలి.

మూడోది ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం. ఆన్‌లైన్‌లో వచ్చేది చూసి సంతోషపడొద్దు, పాత ఏళ్లవి అందులో రావు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో రాసిన పుస్తకాలు వెతికించాలి. మనకు ఇంకో తిరకాసు ఉంది. చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో. అంతకుముందు ఈ ప్రాంతంలో చాలా భాగం ఉత్తర ఆర్కాటు జిల్లా, కొంత కడప. 2022 ఏప్రిల్‌లో మళ్లీ విడిపోయి తిరుపతి జిల్లా వేరైంది, మదనపల్లె వైపు అన్నమయ్య జిల్లాలోకి పోయింది. దాంతో ఒకే ఇంటి చరిత్ర మూడు చోట్ల దొరకొచ్చు. ఉత్తర ఆర్కాటు నాటి రికార్డుల కోసం చెన్నై ఎగ్మూరులో ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్ దాకా వెళ్లాల్సి రావచ్చు. తెలుగు ఇంటి పుట్టుక తమిళ ఆఫీసులో వెతుక్కోవడం విచిత్రంగా ఉంటుంది గానీ, అక్కడి సిబ్బందికి ఇది మామూలే.

ఇల్లు ఎన్నేళ్లదో ఎలా చెప్పగలం?

ఊళ్లో అడిగితే ప్రతి పాత ఇల్లూ రాయలవారి కాలం నాటిదే. వాళ్ల ముచ్చట వాళ్లది, మీరు వస్తువులను అడగండి. మంగుళూరు పెంకు తిరగేస్తే కంపెనీ పేరు అచ్చులో ఉంటుంది. ఆ పరిశ్రమ 1860ల్లో మొదలైంది కాబట్టి, ఆ కప్పు అంతకంటే పాతది కాదు. ఇనుప దూలం ఉంటే దాని నడుము మీద విదేశీ మిల్లు పేరు కనిపించొచ్చు. ఇటుక సన్నగా, పలచగా ఉంటే పాతది అనుకోవచ్చు. అయితే పాత ఇటుకలు తెచ్చి కట్టిన కొత్త గోడలూ ఉంటాయి, ఒక్క ఆధారంతో తేల్చేయకండి.

కొన్నాక మొదటి పని ఏమిటి?

శుభ్రం చేయడం కాదు. ఫోటోలు తీయడం. ప్రతి గోడ, ప్రతి మూల, ప్రతి గుమ్మం తీసి, ఏది ఎక్కడిదో రాసిపెట్టండి. పడిపోయిన రాళ్లు, చెక్కలు ఉంటే నంబర్లు వేసి ఒకచోట పేర్చండి. పనివాళ్లు మొదటి రోజు ఉత్సాహంలో 'చెత్త' అని ట్రాక్టరుకెత్తేది సగం మీ ఇల్లే. పాత తలుపులు, స్తంభాలు కొనే వ్యాపారులు కూడా సరిగ్గా అప్పుడే వస్తారు. కారైకుడి పాత సామాన్ల బజారు చూస్తే ఎన్ని ఇళ్లు ముక్కలై అక్కడికి చేరాయో అర్థమవుతుంది. మీకిచ్చే రేటు ఎంత ఎక్కువైనా గుమ్మం అమ్మకండి.

రెండో పని నీళ్లు ఆపడం. పాత కట్టడాలను కూల్చేది వయసు కాదు, నీళ్లు. మిద్దె తూములు పూడిపోయి ఉంటాయి, పెంకుల మధ్య లోయలో ఆకులు కుళ్లి ఉంటాయి, వీధిలో సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసి ఇంటి గడప కంటే ఎత్తైపోయి ఉంటుంది. వాన పడినప్పుడు గొడుగు పట్టుకుని వెళ్లి చూడండి. ఏ నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో ఎండలో ఎంత చూసినా తెలియదు. తూములు తీయించి, మిద్దె మీద తాత్కాలికంగా టార్పాలిన్ కట్టించి, గోడల చుట్టూ నీళ్లు బయటికి పారేలా వాలు పెట్టిస్తే చాలు, ఒకటి రెండేళ్లు మీరు నిదానంగా ఆలోచించుకోవచ్చు. గ్లామర్ లేని పని, ఫేస్‌బుక్‌లో పెట్టుకోవడానికి ఏమీ ఉండదు. కానీ దీన్ని మించిన పని లేదు.

గోడలు బీటలు వారాయి. కూలిపోతుందా?

బీట ఉండటం వేరు, బీట పెరుగుతుండటం వేరు. పలచని గాజు పట్టీ ఒకటి బీటకు అడ్డంగా పెట్టి, రెండు చివర్లూ ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి తేదీ రాయండి. వానాకాలం, ఎండాకాలం రెండూ గడిచినా గాజు పగలకపోతే అది ఎప్పటిదో పాత బీట, సున్నంతో పూడ్చుకోవచ్చు. పగిలితే పునాది దగ్గర ఏదో కదులుతోందని అర్థం. అప్పుడు స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాల్సిందే, మేస్త్రీ మాట చాలదు. గోడ పొట్ట పొడుచుకొచ్చినట్టు ఉబ్బితే గాజు పట్టీ దాకా కూడా ఆగొద్దు, సపోర్టులు పెట్టించి, మనుషుల్ని ఆ గదిలోకి పోనివ్వకండి.

శ్రీకాళహస్తి రాజగోపురం మనందరికీ తెలిసిన ఉదాహరణ. 1516లో కృష్ణదేవరాయలు కట్టించినది 2010 మే 26న కూలింది. అంతకుముందే బీటలు పెరగడం గమనించి చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు కాబట్టి ప్రాణాలు పోలేదు. బీటల మీద కన్నేసి ఉంచడం వల్ల గోపురం దక్కలేదు గానీ మనుషులు దక్కారు.

గోడలో రావి చెట్టు మొలిచింది. పీకేయొచ్చా?

పీకొద్దు. బలంగా లాగితే వేరుతో పాటు గోడ కూడా వస్తుంది. మొక్కను మొదలంటా కోసి, కోసిన చోట మందు పూసి, వేరు చచ్చి ఎండేదాకా ఆగాలి. ఆ తర్వాత వేరు వదులైన చోట రాళ్లు, ఇటుకలు తీసి మళ్లీ పేర్చుకుంటూ రావాలి. రావి చెట్టు కొట్టడానికి పనివాళ్లు భయపడితే ఒక కొబ్బరికాయ కొట్టించండి, పని సాగుతుంది.

సున్నం ఎందుకు? సిమెంటు గట్టిది కదా?

గట్టిదే. అదే దాని తప్పు.

పాత గోడ నేలలోంచి కొంత చెమ్మ పీల్చుకుంటుంది. పైన సున్నపు గార ఉంటే ఆ చెమ్మ ఎండకు ఆవిరై బయటికి పోతుంది. గోడ కొద్దిగా కదిలినా సున్నం దాంతో పాటు సర్దుకుంటుంది. దాని మీద సిమెంటు పూయడమంటే రోహిణి కార్తెలో రెయిన్‌కోటు వేసుకుని మెడదాకా గుండీలు పెట్టుకున్నట్టు. చెమ్మ లోపలే నిలుస్తుంది, దాంతో పాటు వచ్చిన ఉప్పు ఇటుక మీద పేరుకుంటుంది, కొన్నేళ్లకు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. ఊడేటప్పుడు సిమెంటు ఒక్కటే ఊడదు, ఇటుక ముఖాన్ని కూడా లాక్కుపోతుంది. 'పోయినేడే ప్లాస్టింగ్ చేయించాం, మళ్లీ చెమ్మ' అని వాపోయే ఇళ్లలో కథ సాధారణంగా ఇదే. గోడను వేళ్ల కణుపులతో తట్టుకుంటూ పోండి. టప్ టప్ అని గుల్ల శబ్దం వచ్చిందంటే గార అక్కడ గోడను వదిలేసినట్టే. చాక్‌పీసుతో గీత గీసి, ఆ మేరకే తీయించండి. గట్టిగా ఉన్న పాత గారను ముట్టుకోవద్దు.

పైన ఇంకో పూత సిమెంటు వేస్తే సరిపోతుందనే సలహా మీకు తప్పకుండా వస్తుంది. వినకండి.

డంగు సున్నం ఇప్పుడెవరు చేస్తారు? ఎలా చేస్తారు?

చేయించుకోవాలి. సున్నపురాయిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల దగ్గర కాలిస్తే పొడి సున్నం వస్తుంది. దాన్ని గుంతలో నీళ్లలో వేస్తే బుసబుసమని ఉడుకుతుంది, పొగలు కక్కుతుంది. ఆ సమయంలో పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు, పనివాళ్లకు కళ్లద్దాలు, గ్లౌజులు ఉండాలి. కంట్లో ఒక్క చుక్క పడినా చూపు పోయే ప్రమాదం ఉంది. చల్లారాక జల్లెడ పట్టి, పైన నీళ్లు నిలిచేలా వారాల తరబడి ఊరనివ్వాలి. ఎంత ఊరితే అంత వెన్నలా అవుతుంది.

తర్వాత గానుగ. ఎద్దులు తిప్పే రాతి గానుగలు మన వైపు ఇంకా కొన్ని ఊళ్ల చివర మట్టిలో కూరుకుపోయి కనిపిస్తాయి. ఇప్పుడు మోటారు మిక్సర్లు వాడుతున్నారు, ఫలితం బాగానే ఉంటుంది. ఒక వంతు సున్నానికి మూడు వంతుల ఇసుక అనేది మామూలు లెక్క. చెమ్మ తగిలే చోట ఇసుకలో కొంత తగ్గించి ఇటుక పొడి కలిపితే నీళ్లకు తట్టుకుంటుంది. కరక్కాయలు, బెల్లం ఊరబెట్టిన నీళ్లు కలపడం పాత పద్ధతి, పదును బాగా వస్తుంది. పాళ్లు ఒక్కో మేస్త్రీకి ఒక్కోలా ఉంటాయి, కాబట్టి వెనక గోడ మీద రెండడుగుల చదరాలు నాలుగు వేయించి, ఒక్కో దానికి ఒక్కో పాళ్లు వాడి, ఎండాక ఏది పగలలేదో చూసి నిర్ణయించుకోండి.

మూడు జాగ్రత్తలు. స్వర్ణముఖి ఇసుకైనా సరే మట్టి పోయేదాకా కడగాలి. గ్యాస్ ఫ్యాక్టరీల్లో మిగిలే కార్బైడ్ సున్నాన్ని చవగ్గా అంటగడతారు, అది వద్దు. పూత పలచగా వేసి, తడి గోనెపట్టాలు కట్టి వారం పది రోజులైనా ఆరిపోకుండా చూడాలి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటూ నెలల తరబడి గట్టిపడుతుంది. అది మళ్లీ రాయి కావడానికి పట్టే టైం అది, తొందరపెడితే బీటలిస్తుంది.

ఇలాంటి పని తెలిసిన మనుషులు దొరుకుతారా?

దొరుకుతారు, వెతకాలి. అరవై దాటిన బేల్దారులను అడగండి. 'చిన్నప్పుడు మా నాయన చేసేవాడు, నేను అందించేవాణ్ణి' అనేవాళ్లు ఉంటారు. వాళ్లకు ఇప్పుడు సారవ ఎక్కే ఓపిక ఉండదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, కుర్ర బేల్దారితో చేయించాలి. పెద్దాయనకూ పూర్తి కూలి ఇవ్వండి, ఆయన చేతికి కాదు, కంటికి.

రాతి పనికి తిరుపతిలో టీటీడీ నడిపే శిల్ప శిక్షణ సంస్థ ఉంది, అక్కడ చదివిన కుర్రాళ్లు స్థపతుల దగ్గర పని చేస్తుంటారు. విజయవాడలోని ఆర్కిటెక్చర్ విద్యాసంస్థ ఎస్పీఏలో కట్టడాల పరిరక్షణ మీద పీజీ కోర్సు ఉంది, ఆ విద్యార్థులు కొలతలు తీసి డ్రాయింగులు వేయడానికి ఇలాంటి ఇళ్ల కోసం చూస్తుంటారు. పాత కట్టడాల పరిరక్షణ కోసం 1984 నుంచి పని చేస్తున్న ఇన్‌టాక్ సంస్థ వాళ్లను సలహా అడగొచ్చు.

మామూలు కాంట్రాక్టరుకు మాత్రం అప్పగించకండి. ఆయన మొదటి మాటే 'సార్, ఇదంతా కొట్టేసి పిల్లర్లు లేపితే మూడు నెలల్లో అయిపోతుంది' అని. ఆయన అబద్ధమేం చెప్పట్లేదు, నిజంగానే అయిపోతుంది. మీ పాత ఇల్లు కూడా.

మద్రాసు టెర్రస్ మిద్దె మళ్లీ వేయగలమా, లేక స్లాబ్ పోయించాలా?

పాత గోడల మీద కాంక్రీటు స్లాబ్ అంటే బరువు మారుతుంది, గోడలకు అలవాటు లేని పని. ఇంజనీరు లెక్క చూడకుండా పోయకండి. మద్రాసు టెర్రస్ ఇప్పటికీ వేయొచ్చు. టేకు దూలాల మీద పలచని ఇటుకలను నిలబెట్టి, ఏటవాలు వరసల్లో సున్నంతో పేరుస్తారు. దాని మీద ఇటుక కంకర, సున్నం కలిపి పోసి, చెక్క బ్యాట్లతో రోజుల తరబడి కొడతారు. ఆడవాళ్లు వరసగా కూర్చుని బెల్లం నీళ్లు చల్లుతూ, పాటకు తగ్గట్టు కొట్టేవాళ్లు. బ్యాటు తగిలితే ముద్దగా కాకుండా గట్టిగా, ఖంగుమని వినిపించేదాకా కొట్టాలి. ఆ శబ్దం తెలిసినవాళ్లు దగ్గరుండాలి. లేకపోతే కారుతుంది.

చవుడు మట్టి పరిచిన మిద్దెలకు ఇంత శ్రమ లేదు. ఏటా వానలకు ముందు పైన కొత్త చవుడు పరిచి తొక్కించుకుంటే చాలు.

దూలాలకు చెదలు పట్టాయి. అన్నీ మార్చాలా?

సాధారణంగా అక్కర్లేదు. దూలం మధ్యలో బాగుంటుంది, గోడలో దిగిన చివర కుళ్లుతుంది. మేకు తీసుకుని ఆ చివర గుచ్చి చూడండి. అంగుళం లోతు సులువుగా దిగితే ఆ ముక్క పోయినట్టు. పాడైన మేరకు కోసి, అదే జాతి కలపతో అతుకు వేయించండి. చివర గోడలో దిగే చోట కొంచెం గాలి ఆడేలా ఖాళీ వదలమనండి.

తీసిన కలపలో ఎర్రచందనం కనబడితే ఫారెస్ట్ వాళ్లకు చెప్పకుండా ఊరు దాటించొద్దు. శేషాచలం పక్కన ఉండి ఈ సంగతి వివరంగా చెప్పక్కర్లేదనుకుంటా.

కరెంటు, బాత్రూం ఎలా?

వైర్లకు గోడ తొలవొద్దు, పైపైనే పైపుల్లో తీసుకెళ్లండి. బాత్రూంను పాత గోడలకు అంటకుండా పెరట్లో విడిగా కట్టండి. రాత్రిపూట నాలుగడుగులు నడవాలి, అంతే.

మొత్తం ఎంత ఖర్చవుతుంది?

అందరూ అడిగేది ఇదే, నేను అంకె చెప్పనిదీ ఇదే. ఒక ఇంటి అంకె ఇంకో ఇంటికి పనికిరాదు. బదులుగా ఇలా చేయండి: ఒక్క గదిని పూర్తిగా బాగు చేయించి, పైసాతో సహా రాసుకోండి. దాన్ని బట్టి మిగతాది లెక్క కట్టి, పైన పావు వంతు కలపండి, ఎందుకంటే గోడ విప్పితే గానీ తెలియనివి ఉంటాయి. ఖర్చులో పెద్ద భాగం కూలికే పోతుంది, సామానుకు కాదు. బ్యాంకు లోన్ మీద ఆశ పెట్టుకోవద్దు. విలువ కట్టడానికి వచ్చినాయన స్థలానికి రేటు వేసి, కట్టడానికి సున్నా వేస్తాడు. పిల్లల ఫీజులు, పెద్దల మందులు పోగా మిగిలిన డబ్బుతోనే ఇది చేయాలి. అందుకే ఏళ్లు పడుతుంది.

ఏ నెలల్లో పని పెట్టుకోవాలి?

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు గుర్తుంది కదా, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించారు. సంక్రాంతి పోగానే మిద్దె విప్పితే మార్చి లోపు కప్పేయొచ్చు. ఏప్రిల్, మే ఎండల్లో సున్నం పని చేస్తే తడి నిలవదు, వడ్రంగం పెట్టుకోండి. సెప్టెంబరు కల్లా మిద్దె మీద ఏదీ విప్పి ఉండకూడదు.

హోమ్‌స్టేగా పెట్టి పెట్టుబడి రాబట్టొచ్చా?

రాజస్థాన్‌లో నీమ్రాణా కోటను 1986లో శిథిలంగా ఉండగా కొని, బాగు చేసి, 1991లో హోటల్‌గా తెరిచారు. దాని పేరు చెప్పి అందరూ ఆశపడతారు. తిరుపతికి వచ్చేవాళ్లు వేరు. దర్శనం, లడ్డూ, తిరుగు రైలు. కొండకు దూరంగా పాత ఇంట్లో రెండు రోజులు ఉందామనుకునేవాళ్లు తక్కువమంది. ఖర్చులు కొంత గట్టెక్కితే చాలనుకుని మొదలుపెట్టండి. లాభం కోసమైతే అలిపిరి దగ్గర లాడ్జి కట్టుకోవడమే మేలు.

ఊరి మండపం బాగు చేయిద్దామని చందాలు వేశాం. ఏం జాగ్రత్త?

ముందు అది పంచాయతీదా, దేవాదాయ శాఖదా, పురావస్తు శాఖదా తేల్చుకుని రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. చందాల డబ్బు చేతిలో ఉంటే జనం మొదట చేయించేది మూడు పనులు: ఇసుక కొట్టి రాయిని 'తెల్లగా' చేయడం, ఎనామిల్ పెయింటు, కింద గ్రానైటు పలకలు. మూడూ వద్దు. ఇసుక తాకిడికి శిల్పం ముక్కు, పెదవులు అరిగిపోతాయి, శాసనం అక్షరాలు చెరిగిపోతాయి. నీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు, ఇనుప బ్రష్షు వాడొద్దు. సున్నం పొరల కింద అక్షరాలు కనిపిస్తే గోకకండి. ఫోటో తీసి మైసూరులో ఉన్న పురావస్తు శాసన విభాగానికో, ఎస్వీ యూనివర్సిటీ పురావస్తు అధ్యాపకులకో పంపండి.

వాస్తు చూపించారా?

ఆ ఇల్లు కట్టినాయన చూపించే ఉంటాడు. మళ్లీ చూపిస్తే గుమ్మం మార్చమంటారు.

తవ్వితే నిధి దొరుకుతుందంటారు, నిజమేనా?

రాయలసీమలో పాత గోడ దగ్గర పార పట్టుకున్నవాడికి ఈ ప్రశ్న తప్పదు. 'ఏం సామీ, ఏమన్నా దొరికిందా?' అని నవ్వుతూ అడుగుతారు గానీ, అందులో సగం నిజంగానే అడగడం. రాత్రిళ్లు వచ్చి తవ్విపోయేవాళ్లూ ఉంటారు. పునాది పక్కన ఒక్క గుంత చాలు గోడ కూలడానికి. కాబట్టి తవ్వకం ఏదైనా పగటిపూట, నలుగురు చూస్తుండగా చేయించండి. తవ్విన గుంతను అదే రోజు పూడ్చండి.

చట్టం సంగతికొస్తే, 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లో ఉంది. భూమిలో దాచినది దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాస్తే ఏడాది దాకా జైలు. పాత విగ్రహాలకు వేరే చట్టం ఉంది, 1972 నాటిది. నూరేళ్లు దాటిన శిల్పాన్ని రిజిస్టర్ చేయించాలి, దేశం దాటించకూడదు. ఏదైనా బయటపడితే పని ఆపి, కదపకుండా ఫోటో తీసి, తహసీల్దారు ఆఫీసులో కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి.

మా పెరట్లో కాలువ తవ్వినప్పుడు సగం విరిగిన తిరగలి రాయి, గోలీసోడా బుడ్డీల గోలీలు కొన్ని దొరికాయి. గోలీలు పిల్లలకిచ్చేశాం. తిరగలి రాయిని వీధి అరుగు మీద పెట్టాను, ఎవరు ఏం దొరికిందని అడిగినా అటు చూపిస్తున్నాను.